అల్లం బకెట్టు, నా చెల్లె చేతులు

మా వాడ కమ్యూనిటీ హాలు గోడకు ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద రెండు చేతుల బొమ్మ. చేతుల నిండా నల్ల చుక్కలు, ఆ చుక్కలకు కాళ్లు, కండ్లు. పురుగులట. కింద పెద్ద అక్షరాలతో "మీ వంటింట్లో అసలు ప్రమాదం మీ చేతులే" అని రాశారు. ఇంకా కిందికి పోతే, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ కాగితాన్ని ఎవరు అచ్చు వేయించారో ఉంటుంది. అంత కిందిదాకా ఎవరూ చదవరు. నేను మాత్రం ఏ కాగితాన్నయినా కిందినుంచి పైకి చదువుతాను.

నేను బడి మొఖం చూసినవాణ్ని కాదు. వరంగల్ మిర్చి మార్కెట్లో హమాలీగా బస్తాలు మోస్తూ, వాటి మీది అచ్చు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. బస్తాకు పైన దేవుడి బొమ్మ, పూలతీగ, దుకాణం పేరు ఉండేవి. అసలు సంగతి, అంటే సరుకు ఏ రకం, ఏ ఏటి పంట, ఎంత తూకం అన్నది, అడుగున కుట్టు దగ్గర ఉండేది. మోసేవాడికి కావలసింది అదే. ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు కళ్లద్దాలు, వాటి మీద భూతద్దం పెట్టుకుని మరీ అడుగు చదువుతాను. చాయ్ హోటల్లో నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. వాళ్లకు చదువు వచ్చు, చదవరు. అంతే తేడా.

ఈ నవ్వు నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో బజారుకు వనస్పతి డబ్బాల వ్యాను వచ్చేది. తెర కట్టి ఉత్తపుణ్యానికి సినిమా వేసేవాళ్లు. సినిమాకు ముందు తెల్లకోటు వేసుకున్న ఒక మనిషి తెర ముందు నిలబడి, మీ ఇంటి నెయ్యిలో ఎన్ని రోగాలున్నాయో మీకు తెలుసా, మా డబ్బాలో చూడండి ఎంత బలముందో అని చెప్పేవాడు. జనం డాక్టరు గారు అనుకుని దండాలు పెట్టేవాళ్లు. సినిమా అయిపోయాక అదే మనిషి కోటు విప్పి, బండి కింద పండుకుని, చక్రం నట్లు బిగించుకోవడం నేను చూశాను. వాడు వ్యాను డ్రైవరు. పరుగెత్తుకుపోయి మా అవ్వకు చెప్పాను. నా వీపు మీద ఒకటి చరిచి, "కోటు ఏస్కున్నోడు అబద్ధమాడుతడారా" అంది మా అవ్వ. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట మాత్రం మా వాడలో ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు నా చెల్లె సంగతి చెప్పాలి. నాకన్నా బాగా చిన్నది. మొగుడు లారీ కింద పడి పోయాక వంట పట్టుకుంది. పెండ్లయినా, పురుడైనా, దినాలైనా మా వాడలో పెద్ద గిన్నెల వంటకు ఆమెనే పిలిచేవాళ్లు. క్యాటరింగు వాళ్లు వచ్చాక పెండ్లిళ్లు చేజారాయి. దినాల వంట మాత్రం మిగిలింది. చావు భోజనానికి కూడా క్యాటరింగు పెడితే, తండ్రిని సాగనంపడానికి కూడా కొడుకులకు ఒళ్లు వంగలేదని నలుగురూ అంటారని భయం. అట్లా మా వాడ చావులు నా చెల్లెకు బతుకయ్యాయి. ఆమె దాన్ని దాచుకునేది కాదు. అరుగుల మీద కూచున్న ముసలాళ్లను చూసి, "మీరందరు గిట్ల గట్టిగుంటే నేనెట్ల బతకాలెనే" అని ఆటపట్టించేది. వాళ్లూ తక్కువ వాళ్లు కాదు. "నా దినాలకు జర ఉప్పు తక్కువెయ్యి, మా పెద్దోనికి బీపీ ఉంది" అనేవాళ్లు.

ఆమె చేతి వంట అంటే వాడలో ఒక మాట ఉండేది. పొయ్యి దగ్గర ఆమె ఉందంటే, దూరపు చుట్టాలు కూడా బస్సు టైము చూసుకోకుండా రెండో బంతికి ఆగేవాళ్లు. ఆమెకు ఉన్న ఆస్తి అదే. ఇల్లు కిరాయిది, రైల్వే గేటు అవతల ఒక్క గది. కొడుకులు లేరు. వండినప్పుడు వచ్చే కూలి, వండిన ఇంట్లో పెట్టే చీర, గిన్నె అడుగున మిగిలిన కూర. ఆ పేరు ఉన్నంతకాలం ఆమెకు కూడు ఉంటుంది. ఆ పేరునే తీసుకుపోయారు.

మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. చావు జరిగిన ఇంట్లో, ఆ ఇంటికి పాలివాళ్లయిన ఇండ్లలో, దినాలు పూర్తయ్యేదాకా రోలు చప్పుడు కావద్దు. ఆ చప్పుడు వింటే పోయిన మనిషి తన ఇంట్లో పని ఆగలేదనుకుని వెనక్కి తిరుగుతాడట. మరి దినాల కూరకు మసాలా ఎట్లా అంటే, అల్లం, ఎల్లిగడ్డ మూట కట్టుకుని వేరే వాడకు పోయి నూరుకుని రావాలి. నా చెల్లె ఎప్పుడూ రైల్వే గేటు అవతలి తన గదికి పోయి నూరుకుని వచ్చేది. మిక్సీలు వచ్చాక ఈ బాధ తప్పుతుందనుకున్నాం. తప్పలేదు. తిరిగేది ఏదైనా రోలే అని పెద్దమనుషులు తేల్చారు. శవయాత్రకు డీజే పెట్టి వాడంతా అదరగొట్టినవాళ్లకు మిక్సీ చప్పుడు పనికిరాలేదు.

ఈ పట్టింపును కిరాణా దుకాణపాయన పసిగట్టాడు. మా వాడ మొదట్లోనే ఆయన దుకాణం. ఆ మధ్య ఒక అల్లం వెల్లుల్లి పేస్టు కంపెనీకి ఏజెంటయ్యాడు. తెల్లటి ప్లాస్టిక్ బకెట్లు, పచ్చటి మూత, మూత మీద నవ్వుతున్న ఇల్లాలి బొమ్మ. ఎక్కడ చావు జరిగినా మూడో రోజుకల్లా ఆ ఇంటికి పోయి, రోలు ముట్టే పనిలేదు, వేరే వాడకు తిరిగే పనిలేదు, పైగా కూర అయిపోయాక బకెట్ మీకే ఉంటుంది, స్నానానికి పనికొస్తుంది అని చెప్పేవాడు. జనానికి పేస్టు కన్నా బకెట్ నచ్చింది.

నిరుడు ఎండాకాలంలో మా వాడలో ఒక తాపీమేస్త్రి చనిపోయాడు. పెద్దకొడుకు హనుమకొండకు ఆటో నడుపుతాడు. దినాలకు వంట నా చెల్లెకే చెప్పాడు. చెప్పిన చోటనే, మసాలా నూరే పని పెట్టుకోవద్దని, బకెట్ తెచ్చానని కూడా చెప్పాడు. చెల్లె సరేనంది. దినాల రోజు తెల్లారి పొయ్యి ముట్టించి, బకెట్ మూత తీసింది. నేను అక్కడే ఉల్లిగడ్డలు కోస్తున్నాను. బకెట్ నా ముందే ఉంది. మూత తీయగానే నా ముక్కుకు కూడా తగిలింది. అల్లం ఘాటు తక్కువ, పులిసిన పిండి వాసన ఎక్కువ.

"బిడ్డా, గిది పులిసినట్టున్నది. జరంతనే ఏస్త" అంది నా చెల్లె.

"కంపెనీ మాల్ చిన్నమ్మా అది. సీల్ నీ ముందల్నే తీసిన గదా. దాని మీద సర్కారు ముద్రుంది. నీ ముక్కు మీద ఉందా ముద్ర?" అన్నాడు వాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చెల్లె కూడా నవ్వి, గరిటెతో కొంచెమే తీసి వేసింది. కూర దించే సమయానికి వాడు రుచి చూసి మొఖం చిట్లించాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అత్తగారి వైపు వాళ్లు వస్తున్నారు, ఘాటు లేకుంటే తన మొఖం మీద ఊంచి పోతారు అన్నాడు. బకెట్ ఎత్తి, దించిన గిన్నెలో సగానికి సగం తనే కుమ్మరించి, కర్రతో కలిపాడు. ఉడకని పేస్టు. నా చెల్లె చెయ్యి అడ్డం పెట్టబోతే, "నువ్వు పక్కకు జరుగు, పోయింది నా నాయన, నీ నాయన కాదు" అన్నాడు. ఆమె గరిటె కింద పెట్టి పక్కకు జరిగింది.

పొద్దు గుంకక ముందే కక్కులు మొదలయ్యాయి. మొదట పిల్లలు, తర్వాత ఘన్‌పూర్ చుట్టాలు, ఆ తర్వాత ఇంటివాళ్లు. ఆటోల మీద ఆటోలు పెద్ద దవాఖానకు పోయాయి. మంచానికి ఇద్దరిని వేశారు, మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. ఎవరూ చావలేదు. అదొక్కటే మంచిమాట. పెద్దకొడుకు సెలైన్ సీసా కింద పండుకుని మూలుగుతూ, నన్ను చూసి మొఖం తిప్పుకున్నాడు. వాడికి గుర్తుంది, ఎవరు కుమ్మరించారో. ఆ తిప్పుకోవడం చూసినప్పుడే నాకు అర్థమైంది, ఈ నేరం ఎటు పోతుందో.

తెల్లారి నేను ఆ ఇంటికి పోయేసరికి దుకాణపాయన మోపెడ్ వాకిట్లో నిలబడి ఉంది. సగం పేస్టు ఉన్న బకెట్‌ను ఆయన రెండు కాళ్ల మధ్య పెట్టుకుని బండి ఎక్కుతున్నాడు. ఎక్కడికి అని అడిగాను. ఫిర్యాదు వస్తే సరుకు కంపెనీకి వాపసు పంపాలట, రూలట. సర్కారు వాళ్లు వచ్చి చూడకముందే ఎట్లా తీసుకుపోతావు అన్నాను. "పెద్దమనిషీ, మీరు మంచిగ తిని మంచిగనే ఉన్నరు గదా, మీకెందుకు ఫికర్" అన్నాడు. నేను ఆ రోజు కూర తినలేదు, నోట్లో పండ్లు లేవు కాబట్టి పెరుగన్నం తిన్నాను. అదే నా నేరమైంది. తినకుండా ఎందుకు తప్పించుకున్నాడు, అన్నకు ముందే తెలుసా అని సాయంత్రానికి వాడలో గుసగుసలు.

ఆహార శాఖ నుంచి ఇద్దరు వచ్చి అన్నం, కూర, నీళ్లు సీసాల్లో పట్టుకుని పోయారు. బకెట్ అడిగారు. లేదన్నారు ఇంటివాళ్లు. లేదని రాసుకున్నారు. ఆ సీసాల్లో ఏం తేలిందో ఈనాటికీ నాకు తెలియదు. హనుమకొండలోని ఆఫీసుకు పోయి అడిగాను. బయటివాళ్లకు చెప్పరట. తిన్నవాళ్లు మా వాళ్లు, కక్కినవాళ్లు మా వాళ్లు, బయటివాళ్లం మాత్రం మేము.

పేపర్లో మొదటి రోజు చిన్న వార్త వచ్చింది. దినాల భోజనం తిని అస్వస్థత, అల్లం పేస్టుపై అనుమానం అని. నేను దాన్ని చాయ్ హోటల్లో గట్టిగా చదివి వినిపించాను. హమాలీలకు పేపర్ చదివి వినిపించడం నాకు ఎప్పటినుంచో అలవాటు. మర్నాడు అదే పేపర్ జిల్లా పేజీలో సగం మేర పచ్చటి మూత, నవ్వుతున్న ఇల్లాలు. పండుగ ఏదీ లేకపోయినా వరంగల్ ప్రజలకు కంపెనీ శుభాకాంక్షలు చెప్పింది. ఆ మరుసటి రోజు వార్త మళ్లీ వచ్చింది. ఈసారి అందులో పేస్టు లేదు. వంటమనిషి చేతుల అపరిశుభ్రతే కారణమని అధికారులు భావిస్తున్నట్టు తెలిసింది అని ఉంది. ఏ అధికారి భావించాడో, ఎవరికి తెలిసిందో లేదు. నేను గట్టిగా చదవలేదు. నా చేతిలోంచి పేపర్ గుంజుకుని ఒక హమాలీ కుర్రాడు చదివాడు. చదివి, "కాకా, మీ చెల్లెను వంటకు పిలిస్తే టెంటోనికంటె ముందు అంబులెన్సుకు బయానా ఇయ్యాల్నట గదా" అన్నాడు. బల్లలు చరిచి నవ్వారు. నేను అక్షరాలు నేర్పినవాడే వాడు.

ఆ వార్త రాసిన విలేఖరి అదే హోటల్‌కు వస్తాడు. పట్టుకుని నిలదీశాను. పాపం, దాచలేదు. అతనికి నా మీద కోపం కూడా లేదు. గ్లాసులో చాయ్ తిప్పుతూ నింపాదిగా చెప్పాడు.

"తాతా, నాకు పేపరోళ్లు జీతమియ్యరు. నేను తెచ్చే యాడ్ల మీదనే నాకు వస్తది. మీ చెల్లె యాడ్ ఇస్తదా?"

నేను తిట్టాను. ఏమేమి తిట్టానో ఇక్కడ రాయడం బాగుండదు. అతను అంతా విని, నా చాయ్ పైసలు కూడా తనే ఇచ్చి పోయాడు. అది ఇంకా మండింది నాకు.

కొన్నాళ్లకు కమ్యూనిటీ హాల్లో ఆహార భద్రత అవగాహన సదస్సు పెట్టారు. టెంటు, కుర్చీలు, సమోసాలు, ఒక్కొక్కరికి ఒక సబ్బు, ఒక పేస్టు ప్యాకెట్, అన్నీ కంపెనీవి. గోడ మీది చేతుల కాగితం అడుగున ఉన్న పేరు కూడా ఆ కంపెనీదే. బ్యానర్ మీద సర్కారు ముద్ర ఒక మూలకు, పచ్చటి మూత నడిమధ్యకు. దుకాణపాయన వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ముందు రోజే ఆయన నా చెల్లె ఇంటికి పోయి ప్రత్యేకంగా పిలిచాడట. వంట చేసేవాళ్లకు శిక్షణ ఇస్తారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారు, అది ఉంటే పోయిన పేరు తిరిగి వస్తుంది అన్నాడట. నన్ను అడగలేదు ఆమె. దినాల ఇండ్లలో పెట్టిన చీరల్లో మంచిది తీసి కట్టుకుని, తల దువ్వుకుని, ముందు వరుసలో కూర్చుంది. నన్ను చూసి, "సర్టిఫికెట్ ఇస్తరట అన్న, నువ్వు జర సదివి చెప్పాలె" అంది.

అధికారిగా వచ్చిన మేడం వయసులో చిన్నది, మర్యాదగా మాట్లాడింది. చేతులు కడుక్కోవడం గురించి చాలా సేపు చెప్పింది. అందులో ఒక్కటీ తప్పు లేదు. చేతులు కడుక్కోవద్దని ఎవరన్నారు? అబద్ధం చెప్తే పట్టుకోవచ్చు. వీళ్లు అబద్ధం చెప్పరు. ఒక నిజాన్ని తెచ్చి ఇంకో నిజం మీద కూర్చోబెడతారు, కిందిది ఊపిరాడక చస్తుంది. ఇంట్లో నూరిన మసాలాల్లో చేతి మురికి కలుస్తుందని, మిషన్ల మీద తయారై సీలు వేసిన వాటిలో ఆ భయం లేదని కూడా చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు కాగితం చూసి చదివింది.

ఆ తర్వాత వంట చేసే అమ్మ ఎవరైనా ఉంటే పైకి రండి అంది. దుకాణపాయన మైకు లేకుండానే నా చెల్లెను పిలిచాడు. ఆమె సర్టిఫికెట్‌కే అనుకుని సంబురంగా మెట్లెక్కింది. మేడం ఒక సీసాలోంచి తెల్లటి పూత తీసి ఆమె రెండు చేతులకూ రాసింది. గిన్నెలో నీళ్లు పోసి కడుక్కోమంది. సబ్బు ఇవ్వలేదు. తర్వాత హాల్లో లైట్లు ఆర్పించి, ఒక నీలం దీపం వెలిగించింది.

"భయపడకండమ్మా, చేతులు ముందుకు పెట్టండి" అంది.

పెట్టింది. చీకట్లో నా చెల్లె చేతులు మెరిశాయి. గోళ్ల సందులు, వేళ్ల మధ్య ముడతలు, ఏండ్ల తరబడి నిప్పుల దగ్గర కాలిన మచ్చలు, అన్నీ పచ్చగా, దయ్యం చేతుల్లాగా వెలిగాయి. హాలంతా ఒక్కసారిగా నోరు నొక్కుకున్నట్టు చప్పుడు. ఒక చంటిది ఏడ్చింది. మెరిసేది పూత. మనం చూసేది ఆ పూత ఎక్కడ మిగిలిందన్నదే. ఆ మాట మేడం చెప్పింది కూడా, కానీ అప్పటికే వినేవాళ్లు లేరు. అందరూ పురుగులను చూశారు. కాగితం మీది నల్ల చుక్కలు బతికి వచ్చి మా వాడ మనిషి చేతుల మీద పాకుతున్నట్టే చూశారు. నా చెల్లె కూడా అవే చూసింది. ఆమె తన చేతులను ఒంటికి దూరంగా, తనవి కానట్టు పట్టుకుని నిలబడింది.

నేను లేచాను. "మేడం, గా పూత జర మీ చేతులకు కూడ పూస్కోండ్రి. దుకాణపాయనకు కూడ పుయ్యుండ్రి. సబ్బు లేకుంట కడిగితె ఎవలియి మెరవయో సూద్దాం" అన్నాను.

మేడం నవ్వుతూనే, ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు పెద్దాయనా, అవగాహన కోసమే అంది. బకెట్ ఎక్కడుందో, దాన్ని పరీక్షకు పంపారో లేదో చెప్పమన్నాను. అది ఈ కార్యక్రమంలో లేదంది. దుకాణపాయన మైకు అందుకుని, పెద్దమనిషికి చెల్లె మీద ప్రేమ, మనం అర్థం చేసుకోవాలి, సమోసాలు చల్లారుతున్నాయి అన్నాడు. అందరూ నవ్వారు. లైట్లు వేశారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. సబ్బు మాత్రం ఆమెకు రెండు ఇచ్చారు.

ఆ రోజు నుంచి నా చెల్లె చేతి అన్నం తిన్నవాళ్లు మా వాడలో లేరు. ఆ తర్వాత కూడా చావులు జరిగాయి. దినాలు జరిగాయి. క్యాటరింగు వాళ్లు వచ్చారు. పచ్చటి మూతల బకెట్లు వాళ్ల ఆటోల్లోంచి దిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలు ఆమెను చూసి చేతులు పైకెత్తి వేళ్లు ఆడిస్తూ పరుగెత్తేవాళ్లు. ఆ పిల్లల తల్లులు తిట్టినట్టే తిట్టి, పైట చాటున నవ్వేవాళ్లు. తొట్టెల ఫంక్షన్లో ఆమె ఒక పిల్లను ఎత్తుకోబోతే, ఆ పిల్ల నాయనమ్మ, నా చెల్లె వండిన కూడు ఎన్నో ఏళ్లుగా తిన్న మనిషి, "జర కడుక్కొని రారాదె" అంది. కడుక్కుని వచ్చేసరికి పిల్ల నిద్రపోయిందన్నారు.

నాకు ఇవన్నీ కోపం తెప్పించాయి. భయపెట్టింది మాత్రం వేరే. ఒకనాడు ఆమె ఇంటికి పోతే ఆమె చేతులు పగిలి, వేళ్ల కణుపుల దగ్గర నెత్తురు కనిపించింది. సబ్బుతో కడిగి కడిగి, గిన్నెలు తోమే పీచుతో రుద్దిందట. చాయ్ పెట్టి, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా పొయ్యి గట్టు మీద పెట్టి, తీసుకో అంది. నేను కూచోబెట్టి అంతా మళ్లీ చెప్పాను. పూత సంగతి, నీలం దీపం సంగతి, మోపెడ్ మీద పోయిన బకెట్ సంగతి, సగం పేజీ శుభాకాంక్షల సంగతి. ఆ కూరలో పేస్టు ఎవరు కుమ్మరించారో నువ్వు నీ కండ్లతో చూశావు కదా అన్నాను.

"చూసిన. చేతులు మెరిసింది గూడ నా కండ్లతోనె చూసిన గదా అన్న."

"అది పూతనే."

"నువ్వన్నిటికి గట్లనే అంటవ్. గంత పెద్ద సదువు సదివిన పిల్లకు నా మీద పగనా?"

మా అవ్వ గొంతు విన్నట్టయింది నాకు. చాయ్ చల్లారిపోయింది. వాదించడం నాకు చేతనవును, జీవితమంతా అదే చేశాను. కానీ తన మీద తానే సాక్ష్యం చెప్పుకునే మనిషితో ఎట్లా వాదించాలో నాకు ఏ బస్తా మీదా రాసి లేదు. నేను అరిచాను. అరిస్తే ఆమె లేచి పోయి మళ్లీ చేతులు కడుక్కుంది.

తర్వాత ఆమెకు ఎట్లా గడుస్తోందో అడిగితే చెప్పేది కాదు. నేను ఇచ్చింది తీసుకునేది కాదు. నీకు నువ్వే బరువు, నాకేం పెడతావు అనేది. ముసురు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం చెప్పకుండా పోయాను. తలుపు తీయగానే ఎల్లిగడ్డ ఘాటు కండ్లలో పడింది. ఆ ఒక్క గదిలో మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, నేలంతా ఎల్లిగడ్డలు పోసింది. ఒకవైపు బస్తా, ఒకవైపు పొట్టు, మధ్యలో ఒలిచిన తెల్లటి కుప్ప. ఆ కుప్ప ముందు కూర్చుని, పగిలిన వేళ్లతో ఒలుస్తోంది. ఎల్లిగడ్డ రసం ఆ పగుళ్లలోకి పోతే ఎట్లా ఉంటుందో ఒకసారి వేలు కోసుకున్న ఎవరినైనా అడగండి.

"ఎవలిచ్చిన్రు?" అన్నాను.

"దుకాణపాయన."

"ఏ దుకాణపాయన?"

"మనకు ఎన్ని దుకాణాలున్నయి అన్న?"

మా వాడలో ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లకు ఇస్తున్నాడట. పొద్దున ఆటోలో బస్తా దించుతాడు, సాయంత్రం ఒలిచింది తూకం వేసి పట్టుకుపోతాడు. కంపెనీకే. మిషన్ల మీద, మనిషి చెయ్యి తగలకుండా తయారవుతుందని ఆ మేడం చదివిన పేస్టుకే.

నాకు నవ్వు వచ్చింది. మంచి నవ్వు కాదు. "నీ చేతి కూడు వద్దన్నోళ్లు రేపు నీ చేతి ఎల్లిగడ్డనే తింటరు. ఎర్కేనా నీకు?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. ఒలుస్తూనే చెప్పింది. "బకెట్ల పడ్డంక అది ఎవలి చెయ్యో ఎవలికి కనబడ్తది? కనబడదనే ఇచ్చిండు. ఇంకెవలిస్తరు నాకు పని?"

ఈ సంగతి పేపర్‌కు ఎక్కిస్తానని, కలెక్టరేట్‌కు పోతానని, ఈ ఇంటి ఫొటో తీయించి చాయ్ హోటల్లో అంటిస్తానని అన్నాను. నిజంగానే చేసేవాణ్ని. ఆమె చేతిలోని ఎల్లిగడ్డ కింద పెట్టి, మొదటిసారి నా మొఖంలోకి చూసింది. అంతలో వీధి చివర ఆటో హారన్ మోగింది. ఆమె గబగబా లేచి, పొట్టును కాళ్ల కింద తొక్కుకుంటూ నా భుజం పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగి, మోచేతితో వెనక తలుపు నెట్టింది.

"నువ్వుంటే మాటంటవ్. నువ్వు మాటంటే ఆయన రేపు బస్తా దించడు. నీ కాళ్లు మొక్కుత, ఎనుకకెల్లి పో అన్న. మల్ల గిటు రాకు."

వెనక సందులో మోరీ పొంగి ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డాను. రేకుల గోడ కదా, లోపలి మాటలు మంచిగా వినిపిస్తాయి. తూకం కాంటా కింద పెట్టిన చప్పుడైంది. బస్తా లాగిన చప్పుడైంది. దుకాణపాయన గొంతు, ఆ సదస్సులో మైకు పట్టుకున్న గొంతే, మెత్తగా అడిగింది.

"ఏందవ్వా, చేతులు కడుక్కొనే ఒలుస్తానవా?"

"కడుక్కున్న సేటూ" అంది నా చెల్లె. "సబ్బువెట్టి కడుక్కున్న. సూడుండ్రి."